బస్తా అంటే ఎన్ని కిలోలు? బిజినెస్ సాఫ్ట్‌వేర్‌లో అసలు చిక్కు ఇక్కడే ఉంది

2021లో ఒక రైస్ మిల్లు గ్రూప్‌కి ఈఆర్పీ, అంటే కొనుగోళ్లు, స్టాక్, అమ్మకాలు, అకౌంట్స్ అన్నీ ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్, పెట్టే టీమ్‌లో పనిచేశాను. వాళ్లకి గోదావరి జిల్లాల్లో ఒక మిల్లు, మిర్యాలగూడ వైపు ఇంకో మిల్లు, హైదరాబాద్‌లో సేల్స్ ఆఫీసు ఉండేవి. మొదటి నెల రిపోర్టు ఓనర్ గారి ముందు పెట్టిన రోజు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. స్క్రీన్ మీద మొత్తం స్టాక్ ఇన్ని వేల బస్తాలు అని పెద్ద అంకె వచ్చింది, ఆయన దాన్ని కాసేపు చూసి "ఇవి ఏ బస్తాలండీ?" అని అడిగారు. అంతే, గదిలో ఎవరం నోరు విప్పలేకపోయాం.

ఎందుకంటే గోదావరి మిల్లులో బస్తా అంటే 75 కిలోల ధాన్యం. మిర్యాలగూడ మిల్లుకి కొనుగోలు కేంద్రాల నుంచి వచ్చే బస్తా అంటే 40 కిలోల వడ్లు. ప్రభుత్వానికి అప్పజెప్పే బియ్యం బస్తా 50 కిలోలు, షాపులకి పోయే బియ్యం బస్తా 25 కిలోలు. మేం ఈ నాలుగింటినీ ఒకే కాలమ్‌లో పెట్టి కూడేశాం. కోడ్ మొత్తం వెతికినా బగ్ దొరకదు, డేటాబేస్‌లో ఒక్క ఎంట్రీ కూడా తప్పు కాదు, కూడిక కూడా కరెక్టే, కానీ ఆ వచ్చిన అంకెకి సరిపోయే సరుకు ఏ గోడౌన్‌లోనూ లేదు.

ఇది చిన్న విషయం అనిపిస్తే డబ్బుల్లో చూడండి. 2021-22 సీజన్‌కి సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాకి 1940 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా 1455 రూపాయలు, 40 కిలోల బస్తా 776 రూపాయలు. బస్తా రేటు అనే ఒకే ఫీల్డ్‌లో ఈ రెండూ పడితే ఇక ఆ ఫీల్డ్ మీద సగటు తీసే ప్రతి రిపోర్టూ తప్పే.

ఈ చిక్కు విప్పే పనినే సెమాంటిక్ మోడలింగ్ అంటారు. పేరు వింటే భయం వేస్తుంది గానీ విషయం ఏంటంటే, ఒక వ్యాపారంలో జనం రోజూ వాడే మాటలకి అర్థం ఏంటి, ఏది వస్తువు, ఏది కొలత, ఏది జరిగిన సంఘటన, ఏది ఎవరి సొంతం, రెండు ఎంట్రీలు ఒకే మనిషివని ఎప్పుడు అనాలి, ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌కి పట్టేంత వివరంగా రాసిపెట్టడం. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అనగానే చాలామందికి సర్వర్లు, క్లౌడ్, మైక్రోసర్వీసులు, బాణాలు గీసిన పెద్ద పెద్ద బొమ్మలు గుర్తొస్తాయి. నాకు తెలిసినంతలో అవి తర్వాతి సంగతి, డబ్బు పెడితే దొరుకుతాయి, మాటల అర్థాలు మాత్రం ఆ పని చేసేవాళ్లతో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

డేటాబేస్ ఉంది కదా, అది చూసుకోదా అని అడుగుతుంటారు. 1970లో ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్‌ని, అంటే డేటాని టేబుళ్లుగా చూసే పద్ధతిని, ప్రతిపాదించినప్పుడు ఆయన పట్టుకున్న సమస్య వేరు, డేటా మెషీన్ లోపల ఎలా సర్ది ఉందో వాడేవాళ్లకి తెలియాల్సిన అవసరం ఉండకూడదు అనేది. అది బ్రహ్మాండంగా తీరింది, ఇవాళ డేటాబేస్‌ని ప్రశ్న అడగడానికి మనం రాసే ప్రతి ఎస్‌క్యూఎల్ క్వెరీ ఆ పుణ్యమే. కానీ కాలమ్‌కి తెలిసేదల్లా ఇది నంబరు, ఇది తేదీ, ఇది పేరు అని, ఆ నంబరు కిలోలా సంచులా రూపాయలా అన్నది కాలమ్ పేరు చూసి మనిషి అనుకోవాల్సిందే. 1976లో పీటర్ చెన్ ఎంటిటీ రిలేషన్‌షిప్ బొమ్మలు తెచ్చాడు, ముందు మీ లోకంలో ఉన్నవేంటి, వాటి మధ్య సంబంధాలేంటి గీసుకోండి, టేబుళ్ల సంగతి తర్వాత అని. కాడ్ కూడా 1979లో తన మోడల్‌లోకి ఇంకాస్త అర్థం ఎలా తేవాలా అని మరో పేపర్ రాశాడు. అంటే పునాది వేసిన మనిషికే ఆ లోటు తెలుసు.

సరే, మళ్లీ బస్తా దగ్గరికి వద్దాం. మాకు మొదట తట్టింది ఎవరికైనా తట్టేదే, కన్వర్షన్ పెట్టేద్దాం అని. చాలా ఈఆర్పీల్లో ఐటెమ్‌ని బట్టి కన్వర్షన్ ఉంటుంది, ఈ సబ్బుకి ఒక బాక్స్ అంటే ఇన్ని సబ్బులు అన్నట్టు, పెద్ద కంపెనీలు వాడే ఎస్‌ఏపీ అనే ఈఆర్పీలో అయితే ఎంఏఆర్ఎం అనే టేబుల్ ఈ పనికే ఉంది. మాకు అది కుదరలేదు, ఎందుకంటే ఐటెమ్ ఒకటే, ఊరు మారితే బస్తా మారుతోంది. పోనీ మిల్లుని బట్టి పెడదాం అనుకుని గోదావరి మిల్లుకి 75 అని పెట్టబోతుంటే అక్కడి గుమాస్తా గారు ఆపారు, ముప్పై ఏళ్లుగా అదే మిల్లులో లెక్కలు రాస్తున్న మనిషి. నన్ను యార్డులోకి తీసుకెళ్లారు. "బాబాయ్ గారూ, ఇందులో 75 కిలోల సంచి ఏదో చూపించండి" అన్నాను.

"75 కిలోల సంచి ఎక్కడుంది బాబూ? అది నోటి లెక్క. ఎకరాకి ఎన్ని బస్తాలయ్యాయి అన్నప్పుడు, రేటు మాట్లాడుకున్నప్పుడు 75. సంచులు మాత్రం ఏ గోనె దొరికితే ఆ గోనె, ఎంత పడితే అంత. హమాలీకి డబ్బులిచ్చేటప్పుడు ఎన్ని సంచులు మోశాడో అన్ని బస్తాలు."

నాకు అక్కడ కళ్లు తెరుచుకున్నాయి. అదే యార్డులో, అదే మనిషి నోట్లో, బస్తా అనే మాటకి రెండు అర్థాలున్నాయి, ఆయనకి ఏనాడూ గందరగోళం రాలేదు ఎందుకంటే ఎవరితో మాట్లాడుతున్నారో దాన్ని బట్టి అర్థం దానంతటదే మారిపోతుంది. రైతుతో మాట్లాడేటప్పుడు బస్తా బరువు. హమాలీతో మాట్లాడేటప్పుడు బస్తా వస్తువు, భుజం మీదికి ఎత్తేది. గోడౌన్ చూసుకునే అతనికి బస్తా అంటే జాగా, ఎన్ని వరసలు పేర్చొచ్చు అన్నది. సేల్స్ వాళ్లకి బస్తా అంటే ప్యాకింగ్, దాని మీద బ్రాండ్ ఉందా లేదా అన్నది. మనుషులకి సందర్భం ఉంటుంది, కాలమ్‌కి అది ఉండదు, దాన్ని మనమే తెచ్చి పెట్టాలి.

అప్పుడు మేం కన్వర్షన్ ఆలోచన మొత్తం పక్కన పెట్టేశాం. లోపలికి వచ్చే ప్రతి లోడుకీ నికర బరువు కిలోల్లో ఒక ఫీల్డ్, సంచుల సంఖ్య ఇంకో ఫీల్డ్, రెండూ కొలిచినవే, ఒకదాన్నుంచి ఇంకోటి లెక్కగట్టడం నిషేధం. రైతుకి డబ్బు కిలోల మీద, హమాలీకి డబ్బు సంచుల మీద. 75 అనేది స్క్రీన్ మీద చూపించడానికి మాత్రమే, గోదావరి మిల్లు వాళ్లు తెరిస్తే వాళ్ల లెక్కలో బస్తాలు కనిపిస్తాయి, మిర్యాలగూడ వాళ్లు తెరిస్తే వాళ్ల లెక్కలో, డేటాబేస్‌లో మాత్రం ఆ అంకె ఎక్కడా నిల్వ ఉండదు.

బరువు అనే మాట కూడా అంత తేలిగ్గా లొంగలేదు. ఒక లారీ కాటా చిట్టీ చూపిస్తాను. లోడుతో 16,227 కిలోలు, ఖాళీ లారీ 6,120, తేడా 10,107. అందులో 250 గోనె సంచులు, సంచికి 580 గ్రాముల చొప్పున 145 కిలోలు తీసేస్తే వడ్లు 9,962 కిలోలు. కొనుగోలు కేంద్రం వాళ్లిచ్చిన కాగితంలో మాత్రం 250 సంచులు, 40 కిలోల చొప్పున, 10,000 కిలోలు అని ఉంది. 38 కిలోలు ఏమైనట్టు? దారిలో తేమ ఆరిందా, కేంద్రంలో కాటా తేడానా, ఇంకేమైనానా, చిట్టీ చూసి చెప్పలేం. పాత సాఫ్ట్‌వేర్‌లో బరువుకి ఒకటే ఫీల్డ్ ఉండేది, కాటా ఆపరేటర్ కేంద్రం అంకె మీద తన అంకె కొట్టేసేవాడు, రెండు నెలల తర్వాత గొడవ వస్తే మొదటి అంకె ఎంతో చెప్పే దిక్కు లేదు. కొత్తదాంట్లో బరువుని ఒక లక్షణంగా కాకుండా ఒక కొలతగా పెట్టాం, ఎవరు కొలిచారు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత వచ్చింది అని. కేంద్రం కొలత ఒక వరస, మిల్లు కొలత ఇంకో వరస, ఏదీ దేన్నీ తుడిచెయ్యదు. తేమ శాతం కూడా అంతే, వడ్లకి 17 శాతం వరకే ఒప్పుకుంటారు కాబట్టి దాన్ని ఎవరు ఎప్పుడు చూశారన్నది డబ్బుతో సమానం.

దీనికి తలకిందులు సమస్య కూడా ఉంటుంది, మాటలు మూడు, వస్తువు ఒకటి. ఒక మిల్లు వాళ్లు ధాన్యం అని ఐటెమ్ పెట్టుకున్నారు, ఇంకోళ్లు వడ్లు అని, హైదరాబాద్ ఆఫీసు వాళ్లు పాడీ అని. మూడు కోడ్‌లు, మూడు స్టాక్‌లు. ఇది తేలిగ్గానే సర్దుకుంది, ఒక కోడ్ ఉంచి ఎవరి పేరుతో వాళ్లకి కనపడేలా చేశాం.

ఇక కస్టమర్. ఏ కంపెనీలో అయినా అన్నిటికంటే ఎక్కువ తగువులు తెచ్చే మాట ఇదేనని నా నమ్మకం. మిల్లుకి ధాన్యం అమ్మే రైతు వెండర్, అదే రైతు గేదెల కోసం తవుడు కొంటే కస్టమర్, సీజన్ ముందు అడ్వాన్సు తీసుకుని ఉంటే బాకీదారు. పాత ప్యాకేజీలో ఆయనకి మూడు కోడ్‌లు. ఆయనకి మనం ఎంత ఇవ్వాలి, ఆయన మనకి ఎంత ఇవ్వాలి, రెండూ కలిపి చూపించే స్క్రీనే లేదు, దాంతో ఒక చేత్తో పూర్తి చెల్లింపు చేసేసి ఇంకో చేత్తో బాకీ కోసం ఫోన్లు చేస్తుండేవాళ్లు. గుమాస్తా గారి పాత ఖాతా పుస్తకంలో మాత్రం మనిషికి ఒక పేజీ, పైన పార్టీ పేరు, కింద ఇచ్చిందీ పుచ్చుకున్నదీ. మన వ్యాపారాల్లో పార్టీ అనే మాట ఎప్పటి నుంచో ఉంది, కొనేవాడైనా అమ్మేవాడైనా పార్టీయే.

డేటా మోడలింగ్ చేసేవాళ్లు దీన్నే పార్టీ, రోల్ అని విడదీస్తారు, మనిషి ఒకటి, ఆ మనిషి వేసే పాత్రలు వేరు అని. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలకి కూడా ఇక్కడికి రావడానికి చాలా కాలం పట్టింది. 1972లో జర్మనీలో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు పెట్టిన ఎస్‌ఏపీలో దశాబ్దాల పాటు కస్టమర్‌ది ఒక టేబుల్, వెండర్‌ది ఒక టేబుల్. అమీర్‌పేటలో కోర్సు చేసినవాళ్లకి కేఎన్ఏ1, ఎల్ఎఫ్ఏ1 అని కంఠతా వచ్చు, మొదటిది కొనేవాణ్ని చెప్పే జర్మన్ మాట నుంచి, రెండోది సరుకిచ్చేవాణ్ని చెప్పే జర్మన్ మాట నుంచి వచ్చాయి. ఆ అక్షరాలు ఎందుకలా ఉన్నాయో తెలియకుండానే మనవాళ్లు వేలమంది బట్టీ పట్టి ఉద్యోగాలు తెచ్చుకున్నారు. 2015లో ఎస్4 హానా వచ్చాక బిజినెస్ పార్ట్‌నర్ అనే ఒకే ఎంట్రీ తప్పనిసరి చేశారు, కస్టమర్, వెండర్ అనేవి దాని మీద తొడిగే పాత్రలయ్యాయి, పాత టేబుళ్లు వెనకాల అలాగే ఉండి దీన్నుంచి నిండుతుంటాయి. పాత వెర్షన్ నుంచి మారేటప్పుడు ఒకే మనిషికి రెండు మూడు కోడ్‌లున్న ప్రతి కంపెనీ ముందు వాటిని కలపాల్సి వచ్చింది, ఆ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్లని అడిగితే నెలల తరబడి రాత్రుళ్లు దేనికి పోయాయో చెప్తారు.

మరి ఎవరు ఎవరో ఎలా తేల్చాలి? ఒక షాపు యజమానికి తెలంగాణలో ఒక కొట్టు, ఆంధ్రాలో ఒక కొట్టు ఉన్నాయనుకోండి. జీఎస్టీ నంబర్ 15 అక్షరాలు, మొదటి రెండు రాష్ట్రం కోడ్, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37, ఆ తర్వాతి పది పాన్ నంబర్. కాబట్టి ఆయనకి జీఎస్టీ నంబర్లు రెండు, పాన్ ఒకటే. పన్ను లెక్కకి ఇద్దరు కస్టమర్లు, అప్పు పరిమితి పెట్టడానికి ఒక కస్టమర్, లారీ పంపడానికి రెండు అడ్రసులు. సేల్స్ వాళ్లు మాకు ఇంతమంది కస్టమర్లు అని చెప్పే అంకె ఈ మూడింట్లో దేని మీద లెక్కపెట్టారో అడగకుండా నమ్మకూడదు.

ఐడెంటిటీని బాగా ఆలోచించి కట్టిన ఉదాహరణ కూడా జీఎస్టీలోనే ఉంది, 2020 అక్టోబర్ 1 నుంచి పెద్ద కంపెనీలతో మొదలైన ఈ-ఇన్‌వాయిస్, అంటే బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం. మొదట 500 కోట్లు దాటిన టర్నోవర్ వాళ్లకి, తర్వాత మెట్లు మెట్లుగా దించుతూ 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటిన వాళ్లకి వచ్చింది. ప్రతి ఇన్‌వాయిస్‌కి ఐఆర్ఎన్ అని 64 అక్షరాల నంబర్ వస్తుంది, అది లాటరీ నంబర్ లాంటిది కాదు, అమ్మినవాళ్ల జీఎస్టీ నంబర్, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, డాక్యుమెంట్ నంబర్ ఈ నాలుగూ కలిపి హాష్ అనే లెక్కలో వేస్తే వచ్చేది, అవే వివరాలిస్తే ఎప్పుడూ అదే నంబర్ వస్తుంది. అంటే ఈ నాలుగూ ఒకటే అయితే అది అదే ఇన్‌వాయిస్ అని అర్థం, రెండోసారి పంపితే పట్టేసుకుంటుంది. దేశం మొత్తం మీద టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడే కొట్టూ ఎస్‌ఏపీ వాడే కార్పొరేటూ ఒకే అర్థానికి ఒప్పుకున్నాయి ఇక్కడ. ఇంత బాగా ఉన్నా బస్తా అక్కడికీ వచ్చేసింది, యూనిట్ల లిస్టులో కిలోలు, క్వింటాళ్లతో పాటు బ్యాగులు అని కూడా ఉంది, 400 బ్యాగులు అని పంపితే ఫార్మాట్ ప్రకారం సరైనదే, ఎన్ని కిలోలో మాత్రం ఆ ఫీల్డ్ చెప్పదు. మేం అన్నీ క్వింటాళ్లలోనే పంపాం.

నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది స్టాక్ అనే మాట. మిర్యాలగూడ మిల్లులో ఉన్న వడ్లలో కొంత మిల్లుది, కొంత ప్రభుత్వానిది. కస్టమ్ మిల్లింగ్ అంటే ప్రభుత్వం రైతుల దగ్గర కొన్న వడ్లని మిల్లుకి ఇస్తుంది, క్వింటా వడ్లకి పచ్చి బియ్యం అయితే 67 కిలోలు, ఉప్పుడు బియ్యం అయితే 68 కిలోలు మిల్లు తిరిగి ఇవ్వాలి, నూకలు, తవుడు, ఊక మిల్లుకి మిగులుతాయి. చూశారా, వడ్లుగా ఉన్నంతసేపు మొత్తం ప్రభుత్వ సొత్తు, మర ఆడిన మరుక్షణం సొత్తు రెండు ముక్కలవుతుంది, బియ్యం ఒకరిది, తవుడు ఇంకొకరిది. మామూలు ప్రొడక్షన్ మాడ్యూల్‌కి ఇది తెలియదు, లోపలికెళ్లిన ముడిసరుకూ బయటికొచ్చిన సరుకూ అన్నీ కంపెనీవే అనుకుంటుంది. మేం మొదట తీసిన స్టాక్ స్టేట్‌మెంట్‌లో ప్రభుత్వ వడ్ల విలువ కూడా కలిసిపోయింది. ఆ కాగితమే సీసీ లిమిట్ కోసం, అంటే స్టాక్ చూపించి తీసుకునే క్యాష్ క్రెడిట్ అప్పు కోసం, బ్యాంకుకి వెళ్లేది. వెళ్లకముందే అకౌంటెంట్ పట్టుకున్నాడు గానీ, వెళ్లి ఉంటే తమది కాని సరుకు చూపించి అప్పు తీసుకున్నట్టు అయ్యేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత స్టాక్ అనే మాటని విడగొట్టాం, ఎక్కడ ఉంది అన్నది ఒకటి, ఎవరిది అన్నది ఒకటి, ఈ రెండో ఫీల్డ్ ఖాళీగా ఉంటే సిస్టమ్ ఎంట్రీనే తీసుకోదు.

ఇంత జరిగాక సహజంగా వచ్చే ఆలోచన, కంపెనీ మొత్తానికీ ఒకే పెద్ద మోడల్ గీసి ప్రతి మాటకీ ఒకే అర్థం ఖాయం చేసేద్దాం అని. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను, ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే వద్దని బతిమాలుతాను. హమాలీ బస్తానీ రైతు బస్తానీ ఒకే నిర్వచనంలోకి కుక్కితే ఇద్దరికీ పనికిరాని మూడో బస్తా పుడుతుంది, పైగా ఆ గీత పూర్తయ్యేలోపు వ్యాపారమే మారిపోతుంది. 2003లో ఎరిక్ ఎవాన్స్ డొమైన్ డ్రివెన్ డిజైన్ అనే పుస్తకంలో చెప్పిన దారి నాకు నచ్చుతుంది, బౌండెడ్ కాంటెక్స్ట్ అంటాడు. పొలానికి గట్టు వేసినట్టు అనుకోండి. ఈ గట్టు లోపల బస్తా అంటే ఇదే, ఇక్కడ పనిచేసేవాళ్లూ ఇక్కడి కోడూ ఒకే మాటని ఒకే అర్థంలో వాడాలి, గట్టు దాటితే మాట మారొచ్చు, కానీ దాటే చోట అనువాదం రాసి ఉండాలి.

మేం వేసుకున్న గట్లు యార్డు, మిల్లింగ్, సేల్స్, అకౌంట్స్. 1968లోనే మెల్విన్ కాన్వే చెప్పాడు, ఏ సంస్థ కట్టే సిస్టమ్ అయినా ఆ సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో అదే ఆకారంలో తయారవుతుందని. ఇక్కడ యార్డు వాళ్లూ అకౌంట్స్ వాళ్లూ మాట్లాడుకునేది కాటా చిట్టీ ద్వారానే, కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ రెండింటి మధ్య చిట్టీనే పెట్టాం. లారీ కాటా దాటగానే సరుకు అందింది అని ఒక మెసేజ్ పోతుంది, అందులో లారీ నంబర్, రెండు కొలతలు, సంచుల సంఖ్య, తేమ, సొత్తు ఎవరిది, ఇవన్నీ ఉంటాయి. అకౌంట్స్ దాన్నుంచి తనకి కావాల్సిన నికర బరువు, పార్టీ, సొత్తు మాత్రం తీసుకుంటుంది, సంచుల జోలికి పోదు. హమాలీ లెక్క సంచులే తీసుకుంటుంది. అకౌంట్స్ నేరుగా యార్డు టేబుల్‌లోకి తొంగిచూడటం మాత్రం ఒప్పుకోలేదు, ఎందుకంటే తొంగిచూసిన రోజున సంచుల కాలమ్‌ని ఎవరో ఒకరు 40తో గుణిస్తారు.

ఆంటాలజీ, నాలెడ్జ్ గ్రాఫ్ అనే మాటలు కూడా ఈ మధ్య గట్టిగా వినపడుతున్నాయి, వస్తువుల్నీ వాటి మధ్య సంబంధాల్నీ మెషీన్‌కి అర్థమయ్యేలా రాసే పద్ధతులు ఇవి. వాటిలో ముఖ్యమైన ప్రమాణాలు పాతవే, వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ 1999లో ఆర్‌డీఎఫ్ అనే ప్రమాణాన్నీ 2004లో ఔల్ అనే ప్రమాణాన్నీ ఖాయం చేసింది. మందులు, బ్యాంకింగ్ లాంటి చోట్ల, వందల సంస్థలు ఒకే అర్థం పంచుకోవాల్సిన చోట్ల అవి బాగా పనికొస్తాయి. రెండు మిల్లుల కంపెనీకి ముందు కావాల్సింది ఒక ఎక్సెల్ షీట్, మాట, ఎవరి నోట్లో, అర్థం, కొలత, ఎవరిని అడగాలి అని ఐదు కాలమ్‌లతో. మాకు 140 మాటలు వచ్చాయి, రెండు నెలలు పట్టింది. టూల్ కొనేముందు ఆ షీట్ రాయండి, అది రాయలేకపోతే ఏ టూల్ కొన్నా అదే గందరగోళం ఖరీదైన స్క్రీన్‌లో కనిపిస్తుంది.

రిపోర్టుల దగ్గర ఇదే సమస్యకి వేసిన మందు పేరు సెమాంటిక్ లేయర్. 1990లో ఫ్రాన్స్‌లో పుట్టిన బిజినెస్ ఆబ్జెక్ట్స్ అనే కంపెనీ యూనివర్స్ అని ఒక పొర తెచ్చింది, కింద టేబుళ్లు ఎలా తగలడినా పైన మేనేజర్‌కి అమ్మకాలు, ప్రాంతం, నెల అనే మాటలే కనపడతాయి, ఒక్కో మాట వెనక ఏ లెక్క ఉందో ఒక్కసారి ఒక్కచోట రాస్తారు. ఆ కంపెనీని తర్వాత ఎస్‌ఏపీయే కొనేసింది. 2023లో మైక్రోసాఫ్ట్ తన రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో డేటాసెట్ అన్న పేరు తీసేసి సెమాంటిక్ మోడల్ అని పెట్టింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ మాట మెనూలోకి వచ్చిందన్నమాట.

ఇప్పుడిది ఇంకా ఎందుకు అవసరమంటే, ప్రతి కంపెనీ తన డేటా మీద ఒక ఏఐ చాట్ పెట్టుకుంటోంది. మార్చి అమ్మకాలు ఎంత అని తెలుగులో అడిగితే అదే క్వెరీ రాసి అంకె చెప్తుంది. ఒక లోడు సంగతి చూద్దాం. మార్చి 28న షాపతను ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చాడు, 31 రాత్రి లారీ కాటా దాటింది, అదే రాత్రి బిల్లు కొట్టారు, ఏప్రిల్ 1న హైదరాబాద్‌లో దిగింది, 20న డబ్బొచ్చింది. ఇది మార్చి అమ్మకమా ఏప్రిల్ అమ్మకమా? సేల్స్ వాళ్లకి మార్చి, డిస్పాచ్ వాళ్లకి మార్చి. 2018 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు పాటిస్తున్న ఇండ్ ఏఎస్ 115 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం సరుకు మీద అధికారం ఎప్పుడు చేతులు మారిందో అప్పుడు, అది ఒప్పందాన్ని బట్టి లారీ ఎక్కినప్పుడు కావొచ్చు, దిగినప్పుడు కావొచ్చు. ఆర్థిక సంవత్సరమే మారిపోయే తేడా ఇది. ఏఐకి ఇవేవీ తెలియవు, డేట్ అని కనపడిన ఏదో ఒక కాలమ్ పట్టుకుని తడుముకోకుండా అంకె చెప్పేస్తుంది. ఏ బస్తాలండీ అని ఎదురు అడిగే ఓనర్ ప్రతిచోటా ఉండడు. ఆ అర్థాలు రాసిపెట్టి దానికి ఇస్తే మాత్రం నిజంగా బాగా పనిచేస్తుంది, మేం తర్వాత ఆ 140 మాటల షీట్‌నే ఇచ్చాం, ఏ అమ్మకం కావాలి, బిల్లు లెక్కా డెలివరీ లెక్కా అని అదే తిరిగి అడగడం మొదలుపెట్టింది.

మా మోడల్‌కి అసలు పరీక్ష 2022 జులై 18న వచ్చింది. అంతకుముందు రిజిస్టర్డ్ బ్రాండ్ పేరుతో ప్యాక్ చేసి అమ్మే బియ్యానికి 5 శాతం జీఎస్టీ, బ్రాండ్ లేని వాటికి లేదు, పన్ను లేని వాటికి ఇన్‌వాయిస్ బదులు బిల్ ఆఫ్ సప్లై రాయాలి. ఆ రోజు నుంచి బ్రాండ్‌తో పని లేకుండా ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు ఉన్న ప్రతి సంచికీ 5 శాతం వచ్చింది. కొద్ది రోజుల్లోనే మార్కెట్‌లో 26 కిలోల బస్తాలు కనపడటం మొదలైంది, మీరూ కొనే ఉంటారు. ఇన్నాళ్లూ పన్ను బ్రాండ్ అనే గుణం మీద ఆధారపడేది, ఇప్పుడు సంచి బరువు మీద. పాత ప్యాకేజీలో అయితే సోనా మసూరి 25 కిలోలు అనే ఐటెమ్ కోడ్‌కే పన్ను అతికించి ఉండేది, ఆరు రకాలు, నాలుగు ప్యాకింగ్‌లు, అన్ని కోడ్‌లూ ఒక్కొక్కటిగా మార్చుకుంటూ కూర్చునేవాళ్లం. కొత్తదాంట్లో బియ్యం రకం వేరు, ప్యాకింగ్ వేరు, పన్ను నియమం ఒక్కచోట తేదీతో సహా ఉంది, అందులో ఒక వరస చేర్చాం, ప్యాకింగ్‌లో 26 కిలోలు అని ఇంకో వరస చేర్చాం. మధ్యాహ్నానికి బిల్లులు సరిగ్గా వచ్చాయి.

వారం తిరక్కముందే హమాలీల మేస్త్రి ఆఫీసుకి వచ్చాడు. "సార్, బస్తాకి కిలో పెరిగింది, రోజుకి వెయ్యి బస్తాలు ఎత్తుతున్నాం, రేటు మాత్రం పాతదే పడుతోంది" అన్నాడు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. హమాలీకి బస్తా అంటే వస్తువు, బరువుతో పని లేదు అని షీట్‌లో రాసింది నేనే, ఆ వాక్యం చూపించి గుమాస్తా గారితో ఓకే చేయించుకుంది కూడా నేనే, మోసేవాళ్లని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఓనర్ గారితో కూర్చుని రేటు తేల్చుకున్నాక షీట్ తెరిచి బస్తా అన్న మాట ఎదురుగా అప్పటికే ఉన్న నాలుగు వరసల కింద ఐదోది రాశాను. హమాలీ బస్తా, సంచుల లెక్కే గానీ రేటు సంచి బరువుని బట్టి. ఎవరిని అడగాలి అన్న కాలమ్‌లో మేస్త్రి పేరు పెట్టాను.